ఎత్తిన చెయ్యి

పిలుస్తారు, కూర్చోండి అని చెప్పి వకీలు మృదుల లోపలికి వెళ్లింది గానీ, పిలవడమనేది ఈ ఆఫీసులో ఎవరి చేతిలోనూ ఉన్నట్టు లేదు. నాంపల్లి స్టేషన్ రోడ్డు మీద పాత మేడ, మేడ మీద వరండా, వరండాలో గోడకు ఆనించిన బెంచీ, బెంచీ మీద జెర్లిన్, ఆమె పక్కన అత్తగారు డోరా. జెర్లిన్ కుడిచెయ్యిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది, ఎవరో జర చూస్తుండమ్మా అని సంచీ అప్పజెప్పి వెళ్తే పెట్టుకున్నట్టు. పనిచేసే చోట దెబ్బ తగిలినవాళ్ల పరిహారం కేసులు వినే ఆఫీసు కనుక ఇక్కడికి వచ్చినవాళ్లలో ఏదో ఒకటి తక్కువగా ఉంటుంది. ఎదురుగా నిలబడ్డాయనకు రెండు వేళ్లు లేవు, మెట్ల దగ్గర కూర్చున్నాయన ఒక కంటికి గుడ్డ కట్టుకున్నాడు. జెర్లిన్‌కు అన్నీ ఉన్నాయి. కుడిచెయ్యి కూడా ఉంది, జాకెట్టు చేతిలోంచి ఒద్దికగా బయటికి వచ్చి, రెండు గాజులు వేసుకుని ఉంది. అది భుజం దాటి పైకి లేవదన్న సంగతి చూసేవాళ్లకు తెలియదు. తెలియకపోవడమే ఇవాళ్టి చిక్కు.

ఇందాక మెట్లెక్కుతూ మృదుల మళ్లీ ఒకసారి చెప్పింది, డోరా రెండు మెట్లు వెనకబడ్డది చూసుకుని, గొంతు తగ్గించి. "అక్కా, అటు వకీలు ఎటు తిరిగినా ఆఖరికి ఒక్కటే అడుగుతడు. చర్చిల జెప్పింది అబద్ధమా, గీడ జెప్పేది అబద్ధమా అని. ఏదో ఒకటే ఒప్పుకోవాలె. నీళ్లు నమలకు. జర సోంచాయించి పెట్టుకో." సోంచాయించడానికి ఏముంది. చర్చిలో చెప్పింది అబద్ధం అంటే పక్కన కూర్చున్న ఈ మనిషి వినాలి, చక్కెర జబ్బు పెట్టుకుని కోడలి చెయ్యి కోసం శుక్రవారం శుక్రవారం మంచినీళ్లతో ఉపవాసం ఉన్న మనిషి, అరిగిపోయిన మోకాళ్లతోనే మోకరించి గంటల తరబడి మొరపెట్టిన మనిషి. ఇక్కడ చెప్పేది అబద్ధం అంటే కేసు పోతుంది, కేసుతోపాటు ఆపరేషన్ పోతుంది, చెయ్యి జన్మంతా ఇట్లాగే ఒళ్లో ఉండిపోతుంది. అత్తమ్మా మీరు రావద్దు, మెట్లున్నయి, ఉక్కపోతగ ఉంది అని నిన్నటి నుంచి చెప్పి చూసింది. "ఎందుకు రావద్దు. గా మొగోళ్ల మధ్యన ఒక్కదానివి ఏం నిలబడ్తవ్" అని డోరా గంజి పెట్టిన తెల్లచీర కట్టుకుని ముందే గుమ్మంలో నిలబడింది. ఆనంద్ పాల్ తల్లినీ భార్యనూ కాచిగూడలో ఆటో ఎక్కించి తన క్యాబు తీసుకుని విమానాశ్రయం వైపు పోయాడు. తల్లికీ భార్యకీ మధ్య ఏది జరిగినా ఆ సమయానికి ఊరి బయట ఉండే వరం ఆ ఉద్యోగం ఆయనకిచ్చింది. అందుకు ఆయన మీద కోపం తెచ్చుకోవాలని జెర్లిన్ చాలాసార్లు అనుకుంది, కుదరలేదు.

వరండా చివర విజయేందర్ ఫోను చూసుకుంటూ నిలబడ్డాడు, షాపు ఓనరు వామన్‌రావు కొడుకు. చొక్కా నలభై నాలుగు, ప్యాంటు పొడుగు కొంచెం తగ్గించాలి. అబిడ్స్‌లో స్కూల్ యూనిఫాంల షాపులో పెళ్లికి ముందు నుంచీ పనిచేసిన మనిషికి ఎదుటివాళ్లు ముందు సైజులుగా కనిపిస్తారు, తర్వాత మనుషులవుతారు. మృదుల నల్లకోటు భుజాల దగ్గర పెద్దది, ఎవరిదో అడిగి తెచ్చుకున్నట్టుంది. లోపల తలుపు సందులోంచి కనిపించే ఆఫీసరు ముప్పై ఎనిమిది, మెడ సన్నం, పై గుండీ పెట్టుకోడు. కింద రోడ్డు మీద స్కూలు ఆటో ఆగింది. నీలం గడులు, మెరూన్ టై. ఆ గడులు ఒక్క మిల్లులోనే దొరుకుతాయి, ప్రతి ఏడూ జూన్‌లో అవే ఆలస్యం, తల్లులు తిట్టేది మాత్రం కౌంటరు దగ్గర నిలబడ్డవాళ్లని. చివర కూర్చున్న పిల్ల స్కర్టు మోకాలి పైకి పోయింది, పైసైజు ఇయ్యాలె అని చెయ్యి కదలబోయి ఆగింది. ఇందాక మెట్ల మీద విజయేందర్ "నమస్తే అక్కా" అన్నాడు. ఈమె కూడా నమస్తే అంది. శత్రువులంటే వేరే రకంగా ఉంటారనుకుంది ఇన్నాళ్లూ.

జూన్ వచ్చిందంటే ఆ షాపులో ఊపిరి కూడా వంతుల మీద తీసుకోవాలి. ఏ స్కూలు, ఎన్నో క్లాసు, పోయినేడు ఎంత పట్టింది, బెల్టు ఉందా, సాక్సు తెల్లవా బూడిదవా, అన్నీ ఒకేసారి నాలుగు గొంతులు అడుగుతాయి, ఒక గొంతు కౌంటరెక్కి ఏడుస్తుంది. సరుకంతా అటక మీద. అటక ఎక్కడానికి నిచ్చెన. ఒకరు ఎక్కితే ఒకరు కింద కాలు అడ్డం పెట్టి పట్టుకోవాలి, అది షాపులో పెద్దగా ఎవరూ చెప్పని కట్టుబాటు. పట్టుకునేది జమున, ఆమె ఆఁ ఎక్కు అంటేనే జెర్లిన్ మెట్టు మీద కాలు పెట్టేది. ఆ రోజూ జమున ఆఁ అంది. జెర్లిన్ పైకి పోయింది, మూట లాగింది, ముప్పై రెండు అడిగితే ముప్పై నాలుగు చేతికొచ్చింది, దాన్ని పక్కకు నెట్టి ఇంకా లోపలికి చెయ్యి చాచింది. అప్పుడే విజయేందర్ గల్లాపెట్టె దగ్గర నుంచి ఒక్క నిమిషం జమునా, చిల్లర అని కేకేశాడు. ఒక్క నిమిషమే. నిచ్చెన పోయింది, కాళ్లు పోయాయి, చెయ్యి మాత్రం అటక అంచుని వదల్లేదు. మనిషంతా కిందికి వచ్చాక కూడా చెయ్యి కాసేపు పైనే ఉండిపోయిందని జమున తర్వాత చెప్పింది, చెప్తూ కళ్లు మూసుకుంది. జెర్లిన్‌కు గుర్తున్నది ఒక్కటే, నేల మీద పడి ఉండి కూడా, ముప్పై రెండు దొరకలేదు అనుకోవడం.

దవాఖానకు తీసుకుపోయింది వామన్‌రావే, తన కారులో, తనే నడుపుకుంటూ. మనిషి మంచివాడు, అదే ఈ కేసులో అన్నిటికన్నా చిరాకు. మొజంజాహీ మార్కెట్ దగ్గర సిగ్నల్ పడితే వెనక్కి తిరిగి, "అమ్మా జెర్లిన్, గాడ షాపుల పడ్డ అనకు. పోలీస్ కేసు రాస్తరు, నిన్ను తిప్పుతరు, నన్ను తిప్పుతరు, సీజన్ల షాపు బందు పెట్టాలె. ఇంట్ల స్టూలు మీదికెళ్లి పడ్డ అని చెప్పు. ఖర్చు సంగతి నేను చూస్త, ఫికర్ చెయ్యకు" అన్నాడు. బాధలో ఉన్న మనిషికి ఎవరైనా ఏం చెప్పాలో చెప్పేస్తే హాయిగా ఉంటుంది. కాజువాలిటీలో కుర్ర డాక్టరు, భుజాలు నలభై, నిద్ర మొహం, స్టూలు మీద ఏం చేస్తున్నవమ్మా అని అడిగాడు. కర్టెన్లు తీస్తున్న సార్, ఉతకడానికి, అంది జెర్లిన్. వాళ్ల ఇంట్లో కర్టెన్లు లేవు. వామన్‌రావు స్టూలు దాకానే చెప్పాడు, అబద్ధానికి కర్టెన్లు కుట్టి తగిలించింది తనే. అక్కడ రాసుకున్నారు. రాసుకున్నది ఊరికే రాసుకున్నారనుకుంది.

సుల్తాన్ బజార్‌లో చీరలకు ఫాల్స్ కుట్టే కొట్టు మీద మృదుల గది. మొదటిసారి వెళ్లినప్పుడు అంతా విని, పెన్ను మూత పెట్టి, తీసి, మళ్లీ పెట్టింది. "దెబ్బ తగిలినోళ్లు ఏమేం చెయ్యొద్దో గవన్నీ చేసి వచ్చినవక్కా. పడ్డనాడే ఓనరుకు కాయితం మీద రాసియ్యాలె, రాసి ఇయ్యలే. డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పాలె, ఇంట్ల పడ్డ అన్నవ్. సెలవు చీటీల ఏం రాసినవ్?" సొంత పని మీద అని రాసింది. జమున అట్లాగే రాయమంది, షాపులో అందరూ ఎప్పుడూ అదే రాస్తారు, జ్వరమైనా పెళ్లయినా సొంత పనే. "మానకముందే మల్ల డ్యూటీకి పోయినవా?" పోయింది. సీజను కదా, జమున ఒక్కతే అయిపోయింది కదా, కూర్చుని మడతలు పెడితే చాలన్నారు కదా. కూర్చుని మడతలు పెట్టే షాపు లోకంలో ఎక్కడా ఉండదని తెలిసి కూడా పోయింది. మృదుల నవ్వింది. నవ్వే మనిషి కాబట్టే కేసు ఇవ్వాలనిపించింది. ఇంకేమన్న ఉందా నాకు చెప్పనిది అని కూడా అడిగింది. లేదు మేడం అంది జెర్లిన్. దాచాలని కాదు. చర్చి సంగతి వకీలుకు చెప్పాల్సిన సంగతి అవుతుందని ఎవరికి తోస్తుంది.

అటువైపు జవాబు వచ్చినప్పుడు తోచింది. షాపులో పడనేలేదు అని రాయిద్దామని విజయేందర్ అన్నాడట, వామన్‌రావు ఒప్పుకోలేదట, జమున ఫోన్ చేసి చెప్పింది. పడింది నిజం, దవాఖాన ఖర్చు పెట్టుకున్నాం, దేవుడి దయ వల్ల ఆమె చెయ్యి పూర్తిగా బాగైంది, ఆమే పదిమందిలో చెప్పింది, ఇదిగో వీడియో అని రాయించాడు. మృదుల చెవుల్లో తీగలు పెట్టుకుని ఆ వీడియో చూసింది, అయిపోయాక తీసేసింది. "ఇది మీరేనా?" అంది. అంతవరకు నువ్వు అన్న మనిషి ఆ ఒక్క మాటకు మీరు అంది. జెర్లిన్ ఔ అంది.

డోరా పక్కన కూర్చుని పెదవులు కదుపుతోంది, పాట కావచ్చు, ప్రార్థన కావచ్చు. ఆమె కూర్చునే తీరే వేరు, వీపు బెంచీకి ఆనించదు. మెదక్‌లో మిషన్ హాస్టల్ వార్డెనుగా చేసి రిటైరైన మనిషి, ఎంతమంది ఆడపిల్లల పేలు తీసిందో, ఎంతమందికి ఎక్కాలు చెప్పిందో ఆమెకే గుర్తులేదు, ఎవరినీ వీపు ఆనించి కూర్చోనిచ్చేది కాదట. కోడలు పడ్డ వారమే చర్చి ఆడవాళ్లు కూడే స్త్రీల మైత్రిలో లేచి, శుక్రవారాలు తిండి ముట్టను, బిడ్డ చెయ్యి లేచేదాకా ముట్టను అని చెప్పేసింది. ఇంట్లో మాట కూడా అనలేదు, అక్కడే చెప్పింది. శుక్రవారం పొద్దున వంట మాత్రం తనే చేసేది, ఉప్పు చూడమని గరిట జెర్లిన్ నోటి దగ్గర పెట్టేది, తను మంచినీళ్ల చెంబు పట్టుకుని వెనక గదిలోకి పోయేది. ఒకసారి పొయ్యి ముందు కూర్చుండిపోతే కళ్లు తిరిగినయా అత్తమ్మా అని అడిగింది జెర్లిన్. కాలు జారిందంది డోరా. కూర్చున్న మనిషి కాలు ఎట్లా జారుతుంది. ఒకరు మన కోసం ఆకలితో ఉంటే బాగుపడటం మన పని అయిపోతుంది. ఫిజియోథెరపీ వాడు ఇవాళ ఎంత లేచింది అని అడిగేవాడు, ఇంటికొస్తే డోరా ఏమీ అడగకుండా భుజం వైపు చూసేది. వాడికి జవాబు చెప్పడం సులువుగా ఉండేది.

ఆ ఆదివారం నొప్పి మాత్ర రెండు వేసుకుంది, చర్చిలో ఫ్యాను కింద కూర్చోవాలని ముందు వరసలో కూర్చుంది. వాక్యం అయింది, కానుకలు అయ్యాయి, దేవుడు చేసిన మేలులు ఎవరైనా చెప్పండి అన్నాడు జయరాజ్ అయ్యగారు. డోరా కోడలి మోకాలి మీద చెయ్యి వేసి తీసేసింది, అంతే. జెర్లిన్ లేచింది. సాక్ష్యం చెప్పడానికి ఒక వరస ఉంది, చిన్నప్పటి నుంచి వింటున్నదే. రోగం ఉన్నదానికంటే కొంచెం పెద్దదవ్వాలి, డాక్టర్లు ఆశ వదులుకొమ్మనాలి, అప్పుడు ప్రార్థన, అప్పుడు స్వస్థత, ఆ స్వస్థత సంపూర్ణం. సగం బాగైందని ఎవరూ సాక్ష్యం చెప్పరు. మాత్ర వేసుకుంటే కొంచెం పరవాలేదు, మెట్లు దిగేటప్పుడు గుంజుతుంది అని మైకులో చెబితే స్తోత్రం అనడానికి ఎవరికీ నోరు రాదు. ఆమె వరస తప్పకుండా చెప్పింది. మా అత్తమ్మ శుక్రవారాలు ఉపవాసముండి వేడుకుంది, ప్రభువు విన్నాడు, ఇదిగో చూడండి అంది. ఇదిగో అన్నాక చూపించాలి కదా. చెయ్యి ఎత్తింది.

భుజం దాటింది, చెవి దాటింది, పైకి పోయింది. లోపల ఎక్కడో పాత గుడ్డ పట్టు వదిలినట్టు చిన్న చప్పుడయింది, గుడ్డ ఎప్పుడు చిరుగుతుందో ఆమెకు బాగా తెలుసు. కళ్లల్లోంచి నీళ్లొచ్చాయి, నొప్పికి. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు, ఏడ్చేవాళ్లు ఏడ్చారు. షాలోమ్ అని గిటారు వాయించే అబ్బాయి ఫోను పట్టుకుని దగ్గరికి వచ్చి తీశాడు, వీడియోలో ఆ కన్నీళ్లు ఆనందబాష్పాల్లాగే ఉన్నాయి, చూస్తే తనే నమ్మేటట్టు. అయితే అందులో కొంత సంతోషమూ ఉంది, దాన్ని లేదనడం కూడా అబద్ధమే. తన వేళ్లు తనకు పైన, ఫ్యాను రెక్కల కింద కనిపించాయి. ఎన్నాళ్లకో. ఆ కాసేపు బాగైందేమో అనుకుంది నిజంగానే. కూర్చున్నాక ఎడమచేత్తో కుడిచేతిని దించి ఒళ్లో పెట్టుకుంది, కొంగు కప్పింది. డోరా ముందుకు చూస్తూ ఉంది, మెడ నరాలు బిగుసుకుని. ఆ వారమే మైత్రిలో కృతజ్ఞత కూడిక పెట్టి, ఉపవాసం ముగిసిందని అందరికీ సేమ్యా పాయసం పంచారు.

వీడియోను షాపు వాట్సాప్ గుంపులో పెట్టింది మాత్రం ఎవరో కాదు, తనే. ఎట్లుంది చెయ్యి అని జమున అడిగింది, రాయడం ఎడమచేత్తో కష్టం, అందుకని అది పంపింది. వామన్‌రావు చేతులు జోడించిన బొమ్మ పెట్టాడు. విజయేందర్ బొటనవేలు పెట్టాడు. సీజను అయ్యాక అదే విజయేందర్, నువ్వు కొన్నాళ్లు రెస్టు తీసుకో అక్కా, మల్ల పిలుస్తం అన్నాడు, మళ్లీ పిలవలేదు. చెయ్యి సగానికే ఆగిపోయిన మనిషి అటకకు పనికిరాదు, కౌంటరుకూ పనికిరాదు, తానులు పరిచి చూపించాలి కదా. ఇంకో పెద్ద దవాఖానలో డాక్టరు భుజం నొక్కి, తిప్పి, లోపలి నరాలు తెగినయమ్మా, పట్టీలతోటి కలిసేవి కాదు, ఆపరేషన్ చెయ్యాలె, ఆలస్యమైన కొద్దీ కష్టం అన్నాడు. ఈసారి అడిగినదానికల్లా ఉన్నదున్నట్టు చెప్పింది, కర్టెన్లు పెట్టలేదు. ఇంటికొచ్చి కేసు వేస్తామని చెప్పినప్పుడు డోరా, షాపులో పడ్డప్పుడు ఆ ఓనరు ఇయ్యాలె గద అంది. చెయ్యి ఇంకా బాగలేదా అని అడగలేదు. కేసంటే పడినందుకు అనుకుంటోందా, చెయ్యి లేవనందుకు అనుకుంటోందా, ఆనంద్ పాల్ కూడా తేల్చి చెప్పలేదు. లోపలికి వెళ్తే తేలిపోతుంది.

బంట్రోతు తలుపు తీసి, "గోపాలరావు, గోపాలరావు" అన్నాడు. జెర్లిన్ సగం లేచి మళ్లీ కూర్చుంది. వేళ్లు లేని ఆయన వెళ్లాడు. స్టేషన్ వైపు నుంచి ఏదో బండి వస్తోందని మూడు భాషల్లో చెప్తున్నారు, ఒక భాషలో ఆలస్యం అని వినిపించింది, మిగతా రెండూ గాలికి ఎటో కొట్టుకుపోయాయి. ఒప్పేసుకుంటే ఏం పోతుంది అని వచ్చింది మనసులోకి. బాగైంది సార్ అంటే ఇంటికి పోవచ్చు. డోరా ఆదివారం అదే వరసలో కూర్చుంటుంది, ఎవరూ ఆమె వైపు జాలిగా చూడరు. ఉపవాసముంటే చెయ్యి లేచింది అన్న మాట మెదక్ దాకా పోయింది, హాస్టలు పాత పిల్లలు ఫోన్లు చేసి తమకూ ప్రార్థన చెయ్యమంటున్నారు, ఒకామెకు పిల్లలు లేరు, ఒకామె భర్త తాగుతాడు. డోరా వాళ్ల పేర్లు నోట్లో అనుకుంటూ కూరగాయలు తరుగుతుంది. అది లాగేసుకోవడానికి తనెవరు. ఒక చెయ్యి ఎంత, ఎడమది ఉంది కదా. ఇట్లా అనుకుంటుండగానే భుజంలో సూది దిగినట్టయింది, ఆ ఆలోచన తెగిపోయింది.

చెవి పక్కన ఏదో తగిలింది. డోరా తన ముడిలోంచి ఒక పిన్ను తీసి, కోడలి జుట్టు జారిన చోట పెడుతోంది. గుచ్చి, అరచేత్తో అదిమి, చెయ్యి వెనక్కి తీసుకుంది, మళ్లీ పెదవులు కదపడం మొదలుపెట్టింది. పడ్డప్పటి నుంచి జెర్లిన్‌కు జడ వేసేది డోరానే. సాక్ష్యం చెప్పిన మర్నాడు, బాగైన మనిషి కనుక, జెర్లిన్ తనంతట తనే దువ్వెన పట్టుకుని అద్దం ముందు నిలబడింది, ఎడమచేత్తో పైపైన దువ్వుతూ. డోరా వంటింట్లోంచి వచ్చింది, తడి చేతులు కొంగుకు తుడుచుకుంది, దువ్వెన తీసుకుంది. ఏమీ అనలేదు. ఈమె కూడా ఏమీ అనలేదు. పాయలు తీసి అల్లి, రబ్బరు బ్యాండు వేసి, మళ్లీ వంటింట్లోకి పోయింది. ఆ తర్వాత రోజూ అంతే. చెయ్యి బాగైందన్న మాట హాల్లో, వచ్చేపోయేవాళ్ల మధ్య ఉండేది. జడ అద్దం దగ్గర ఉండేది. రెండూ ఎదురుపడకుండా ఇద్దరాడవాళ్లూ జాగ్రత్తగా కాపురం చేశారు. ఇన్నాళ్లూ దాన్ని అలవాటు అనుకుంది జెర్లిన్. అలవాటేనా అని ఇప్పుడు, ఈ బెంచీ మీద అనిపించింది. అడుగుదామని అటు తిరిగింది కూడా.

అప్పుడే పిలిచారు.

లోపల గది చిన్నది, బల్ల పెద్దది. ఆఫీసరు, పక్కన కంప్యూటరు ముందు టైపిస్టు, అటు విజయేందర్, వాళ్ల వకీలు. నిజం చెప్తానని దేవుని మీద ప్రమాణం చేయించారు. మైకు లేదు, ఎవరూ లేచి నిలబడలేదు. వాళ్ల వకీలు పెద్దవాడు, మెత్తని మనిషి, గదమాయిస్తాడనుకుంటే మేడం మేడం అంటున్నాడు. దవాఖానలో ఇంట్ల పడ్డ అన్నరు గదా అన్నాడు. అన్న అంది. అది అబద్ధం గదా. ఔ సార్. ఫోను ముందుకు జరిపాడు. అందులో జెర్లిన్ చెయ్యి ఎత్తింది, చప్పట్లు ఫోనులోంచి గలగలమన్నాయి. ఆఫీసరు ముందుకు వంగి చూశాడు.

"మేడం, అది దేవుని సన్నిధి, ఇది సర్కారు ఆఫీసు. చర్చిల చెప్పింది అబద్ధమా, గీడ చెప్తున్నది అబద్ధమా? ఏదో ఒకటి చెప్పుండ్రి."

డోరా గుమ్మంలో నిలబడి ఉందని వెనక్కి తిరగకుండానే తెలిసింది, గంజి చీర చప్పుడుకి. ఇంతసేపు తూచిందంతా ఎటు పోయిందో, నోటికి వచ్చింది ఒక్కటే.

"చర్చిల చెప్పిందే అబద్ధం సార్. చెయ్యి బాగలేదు. నొప్పి మాత్రలు వేసుకుని ఎత్తిన. మా అత్తమ్మ అన్ని దినాలు పస్తులున్నది, బాగలేదని చెప్పబుద్ధి కాలేదు."

టైపిస్టు టకటకా కొట్టాడు. చాలా సిగ్గేసింది జెర్లిన్‌కు. వకీలు తల ఊపాడు, కావలసింది దొరికినవాడిలాగా. "అంటే దేవుని ముందర అబద్ధం చెప్పిన్రు, డాక్టరు ముందర చెప్పిన్రు, గీడ మాత్రం నిజం అంటున్నరు. సరే మేడం. మరి మీ అత్తగారు? చెయ్యి లేచేదాకా ఉపవాసం అని మొక్కి, మీకు బాగైనంకనే గద ఆమె ఆపింది. ఆమెది గూడ అబద్ధమేనా?"

"ఆపలేదు."

అందరూ గుమ్మం వైపు చూశారు. మీరు మాట్లాడొద్దమ్మా, బయట కూర్చోండి అన్నాడు ఆఫీసరు. మృదుల లేచి, ఒక్క నిమిషం సార్, ఇంట్లో ఉండే మనిషి, సాక్షిగా తీసుకోండి అంది. ఆఫీసరు అటు వకీలు వైపు చూశాడు. అత్తగారి సంగతి ఎత్తింది తనే కనుక వద్దనడానికి ఆయనకు దారి దొరకలేదు. డోరా వచ్చి బల్ల ముందు నిలబడింది, హాస్టలు పిల్లల ముందు నిలబడ్డట్టే, వీపు నిటారుగా. ప్రమాణం చేసింది. ఏం ఆపలేదమ్మా, సరిగ్గా చెప్పండి అన్నాడు ఆఫీసరు.

"ఉపవాసం సార్. బిడ్డ చెయ్యి లేస్తే గద ఆపాలె. చర్చిల అందరి ముందర దాని మాట పోవొద్దని పాయసం పంచిన, నేను తాగలే. శుక్రవారం శుక్రవారం ఉంటనే ఉన్న." కొంచెం ఆగింది. "ఇయ్యాల గూడ శుక్రవారమే."

టైపిస్టు వేళ్లు కీబోర్డు మీద ఆగిపోయి ఉన్నాయి. ఇది కూడా కొట్టాలా సార్ అని అడిగాడు.

కొట్టు అన్నాడు ఆఫీసరు.